మధ్య వరుసలో పన్నెండు పెట్టెలు

వెండెల్ క్రౌస్ చేసిన పని ఇప్పటికి ఇద్దరికే తెలుసు. ఒకరు టాల్‌బర్ట్ కంప్యూటర్ కంపెనీ ఇంజనీరు వెండెల్. మరొకరు అదే కంపెనీ పరీక్షల గదిలో పనిచేసే లూపె ఆర్మెండారిజ్. ఈ కథ చదువుతున్నాం కనుక మనకూ తెలుసు.

2000 సంవత్సరం మార్చిలో ఒక బీమా కంపెనీ తన ఆఫీసులకు ఆరువేల కంప్యూటర్లు కావాలంది. ఆ ఏడాది టెక్సస్‌లో కంప్యూటర్లు చేసేవాళ్ళందరూ ఒకే మాట చెప్పి అమ్ముతున్నారు. ఆఫీసు గుమాస్తాకి అన్ని హంగులెందుకు? ఫ్లాపీ వద్దు, పాత సాకెట్లు వద్దు, మూత తెరిచే పని వద్దు. చిన్న పెట్టె, రెండు తీగలు. పాడైతే పీకి పంపండి, ఇంకోటి వస్తుంది. టాల్‌బర్ట్ తన పెట్టెకి పెకాన్ అని పేరు పెట్టింది. నలభై మైళ్ళ అవతల ఉన్న లానో సిస్టమ్స్ తన పెట్టెని గ్రానైట్ అంది. చివరిదాకా పోటీలో నిలిచినవి ఆ రెండే. తేడా కూడా ఒకటే. గ్రానైట్‌లో ఫ్యాన్ ఉంది, పెకాన్‌లో లేదు. ఫ్యాన్ లేదు కనుక పెకాన్ చిన్నది, చప్పుడు చేయదు.

బీమా కంపెనీ ఒక పరీక్ష పెట్టింది. ఫారెన్‌హీట్‌లో తొంభై ఐదు డిగ్రీల గదిలో యంత్రం వేడికి మందగించకుండా నాలుగు గంటలు నడవాలి. గాలివాన వచ్చి వెళ్ళాక ఏసీ ఉండదు, జనరేటర్ మీద ఆఫీసు నడపాలి, ఇళ్ళు పోయినవాళ్ళు బయట వరసలో నిలబడి ఉంటారు. అందుకు ఆ పరీక్ష. యంత్రాన్ని ఎంచే పని నార్బర్ట్ స్టోక్స్‌ది. గోదాములో పేర్చిన పెట్టెల్లో ఒకదాని మీద ఆయన సుద్దతో గీత గీస్తాడు. పై వరుస ముట్టుకోడు, మూల పెట్టె ముట్టుకోడు. అమ్మేవాళ్ళు మంచివాటిని అక్కడే పెడతారని ఆయన అనుమానం. ఆయన చెయ్యి ఎప్పుడూ మధ్య వరుస మీదికే పోతుందని ఈ వ్యాపారంలో అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి ఆయనకి తెలియదు.

వెండెల్, లూపె నాలుగు వందల పెకాన్‌లు నడిపి చూశారు. అన్నిటికన్నా తక్కువ వేడెక్కిన పన్నెండింటిని ఎంచి మధ్య వరుసలో పెట్టారు. స్టోక్స్ గీత గీశాడు. ఆ యంత్రం నాలుగు గంటలూ నిలిచింది. కాంట్రాక్టు టాల్‌బర్ట్‌కి వచ్చింది. మే నెలలో లానో మూతపడింది. అక్కడ ఫ్యాన్ ఉండాలని పట్టుబట్టినవాడు పరీక్షల విభాగం అధిపతి ఎమిల్ హ్రుష్కా. పద్నాలుగేళ్ళ కిందట వెండెల్‌కి పని నేర్పింది ఆయనే.

శుక్రవారం సాయంత్రం ఎమిల్ ఫోన్ చేశాడు. "రేపు పొద్దున గ్రేంజర్ రా. ఆరు మూలల స్క్రూడ్రైవర్ తెచ్చుకో" అని పెట్టేశాడు. పోయిన వారం మనం ఆగింది అక్కడ.

*

వెండెల్ పది గంటలకు ఎమిల్ ఉండే గ్రేంజర్ చేరాడు. ఊళ్ళోకి వచ్చేముందు బేకరీ దగ్గర ఆగి డజను కొలాచీ బన్నులు కొన్నాడు, ఆరు ఆప్రికాట్‌వి, ఆరు గసగసాలవి. కొన్నాక కారులో కూర్చుని ఐదు నిమిషాలు ఇంజను వేయలేదు. ఎమిల్‌కి తెలిసిపోయి ఉంటే ఏం చెప్పాలో రాత్రి అనుకున్నాడు. తెలియకపోయి ఉంటే ఏం చెప్పాలో అనుకోలేదు.

తలుపు తీసింది బెర్నీస్, ఎమిల్ భార్య. పెట్టె చూసింది.

"మళ్ళీ బేకరీవా? మా ఇంటికొస్తూ కొలాచీలు కొనుక్కొచ్చేది నువ్వొక్కడివే బాబూ. నా చేత్తో చేసినవి తినలేకనా?"

"మీకు శ్రమ ఎందుకని."

"శ్రమట! పొద్దున్నే లేచి రెండు ట్రేలు చేశాను. ఇవి పక్కింటి కుక్కకి పెడతాను. దానికి అప్పుడప్పుడూ బయటి తిండి ఇష్టం." పెట్టె తీసుకుని గొంతు తగ్గించింది. "గరాజ్‌లో ఉన్నాడు. ఏసీలో కూర్చోమంటే కూర్చోడు. ఒక్క మాట చెప్తాను విను. ఆయన అడిగిందానికి ఔననో కాదనో తేల్చి చెప్పేసి వెళ్ళు. రెండు నెలల్నుంచి ఇంట్లో ఆ ఫ్యాన్ గొడవే. మొన్న ఆదివారం చర్చిలో అందరూ మోకాళ్ళ మీదుంటే నా చెవిలో 'అంగుళమున్నర ఫ్యాన్ పెట్టి ఉంటే చప్పుడు తగ్గేదేమో' అన్నాడు. పాస్టరుగారు మావైపే చూస్తున్నారు."

వెండెల్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

గరాజ్‌లో పికప్ ట్రక్కును బయటికి తీసి ఆ చోట రెండు బల్లలు వేసి ఉన్నాయి. ఒక బల్ల మీద రెండు పెకాన్‌లు. పక్కన ఇంకా టేపు తీయని అట్టపెట్టె ఒకటి. గోడవారన పాత ఫ్రిజ్. దాని తలుపుకి చిల్లు పెట్టి థర్మామీటర్ దూర్చారు. లోపల వేడి పుట్టించడానికి నాలుగు బల్బులు. ఎమిల్ టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఆయనకి అరవై మూడేళ్ళు.

"వచ్చావా? స్క్రూడ్రైవర్ తెచ్చావా?"

"తెచ్చాను ఎమిల్ గారూ."

"మీవాళ్ళు కనిపెట్టిన స్క్రూని తెరిచేది ఊళ్ళో ఏ షాపులోనూ దొరకదయ్యా. కొనుక్కున్నవాడు తన పెట్టె తను తెరవకూడదని ఎవరు చెప్పారు మీకు?"

"అమ్మకాలవాళ్ళు."

"వాళ్ళయితే కొనుక్కున్నవాణ్ణి పెట్టె దగ్గరికే రానివ్వరు."

వెండెల్ రెండు పెకాన్‌ల వైపు చూశాడు. "ఇవి ఎక్కడివి?"

"ఫోన్ చేసి తెప్పించుకున్నాను. మూడు. బెర్నీస్‌కి రెండని చెప్పాను, నోరు జారకు." ఎమిల్ పసుపు కాగితాల పుస్తకం తీసి అతని ముందు పెట్టాడు. "చూడు. మొదటిది యాభై రెండు నిమిషాలకి మందగించింది. రెండోది గంటా పది నిమిషాలకి. మూడేసి సార్లు నడిపాను. ఒక్కోదానికి మూడుసార్లూ దాదాపు అదే లెక్క."

వెండెల్ ఆ అంకెల్ని చూశాడు. మార్చిలో తను చూసిన అంకెలూ ఇవే. లూపె కంప్యూటర్‌లో ఉన్నవీ ఇవే.

"అయితే..." అన్నాడు.

"అయితే నా ఫ్రిజ్‌లో తప్పుంది" అన్నాడు ఎమిల్. "నీ యంత్రం మీద నాకేం ఫిర్యాదు లేదు. స్టోక్స్ నాలుగు గంటలు నడిపి చూశాడు. నేనూ ఆ గదిలోనే ఉన్నాను. కళ్ళారా చూశాను. అక్కడ నడిచింది ఇక్కడ నడవట్లేదంటే తేడా ఇక్కడే ఉంది. రెండు వారాలుగా వెతుకుతున్నా. ముసలాడి కళ్ళకి కనబడట్లేదు. నువ్వు చూసి చెప్పు."

వెండెల్ ఫ్రిజ్ తలుపు తీశాడు. థర్మామీటర్ సరైనచోట ఉంది. గాలి పోయే సందులు రెండు, కొలిచి కోసినవి. నాలుగు బల్బులకీ రేకు అడ్డం పెట్టి ఉంది, వేడి నేరుగా తగలకుండా. తప్పేం లేదు. టాల్‌బర్ట్ పరీక్షల గదిలో ఉన్న వేడి పెట్టె కూడా ఇంతకంటే సరిగా పనిచేయదు.

ఎమిల్ పెన్సిల్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఈ కింది బల్బు" అన్నాడు వెండెల్. "దగ్గరగా ఉన్నట్టుంది."

"రేకు ఉందిగా?"

"ఉన్నా సరే. మూడంగుళాలు జరిపి చూద్దాం."

బల్బు జరిపాడు. ఎమిల్ పుస్తకంలో రాసుకున్నాడు: కింది బల్బు, ఎడమకి మూడంగుళాలు, వె. క్రౌ. చూపాడు. రాసి పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు.

"నాకు తట్టలేదు చూడు" అన్నాడు.

మూడో పెట్టె టేపు ఎమిలే కోశాడు. పెకాన్‌ని బయటికి తీసి వెండెల్ చేతికిచ్చాడు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టడానికి వంచినప్పుడు అడుగున అంటించిన కాగితం కనబడింది. చివరి నాలుగంకెలు 2296.

మార్చిలో ఆ పన్నెండు నంబర్లనీ టైపు చేసింది వెండెల్. పరీక్ష అయ్యాక ఆ కాగితం చింపేశాడు. చింపినంత మాత్రాన నంబర్లు పోలేదు. ఉదయం గడ్డం గీసుకుంటున్నప్పుడు కూడా వరసగా గుర్తొస్తాయి. 2296 అందులో ఎనిమిదోది. పరీక్ష ముగిశాక మిగిలిన పదకొండు పెట్టెలూ మామూలు సరుకులో కలిశాయి. వాటిలో ఒకటి ఫోన్ ఆర్డరులో గ్రేంజర్ వచ్చింది.

"ఏమైంది? బరువుగా ఉందా?" అన్నాడు ఎమిల్.

"లేదు."

లోపల పెట్టి తలుపు వేశాడు. గడియారం పదీ నలభై ఐదు. బల్ల ఫ్యాన్ తిరుగుతుంటే ఎమిల్ లేచి దాని స్విచ్ ఆపాడు. "గరాజ్‌లో గాలి కదిలితే లెక్క మారుతుంది. అయినా ఫ్యాన్ మీద నాకిప్పుడు హక్కు లేదులే."

*

గంట గడిచింది. యంత్రం మందగించలేదు. ఎమిల్ ఐదు నిమిషాలకోసారి లేచి తెర చూసి అంకె రాసుకుంటున్నాడు. వెండెల్ చొక్కా వీపుకి అంటుకుంది.

"గంటా పది దాటింది" అన్నాడు ఎమిల్. "బల్బే. మూడంగుళాల తేడా నాతో రెండు వారాలు ఆడుకుంది."

పన్నెండున్నరకి బెర్నీస్ సాసేజ్‌లు పెట్టిన కొలాచీలు, ఐసు టీ తెచ్చింది. గ్లాసులు పెట్టి తెర వైపు చూసింది. "నడుస్తోందా?"

"నడుస్తోంది" అన్నాడు ఎమిల్.

"మంచిదా చెడ్డదా?"

"నిజం. అంతే."

ఆమె వెండెల్ మొహంలోకి చూసింది, ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

"రెండు గంటలు చాలేమో" అన్నాడు వెండెల్ కొంచెంసేపయ్యాక. "ఎలాగూ..."

"నాలుగంటే నాలుగు. నీకు నేర్పినవాడెవడయ్యా? వాడి పేరు చెప్పు, వెళ్ళి తంతాను."

వెండెల్ టీ తాగాడు. 

ఎమిల్ జనవరి మీటింగు గురించి చెప్పాడు. లానోలో పన్నెండు మంది కూర్చున్నారు. అందరూ ఫ్యాన్ తీసేయమన్నారు. "నేను బల్ల మీద చేత్తో కొట్టాను. ముప్ఫై ఏళ్ళలో అదొక్కసారే. ఈ చిప్ టెక్సస్ వేసవిలో ఫ్యాన్ లేకుండా బతకదు, తీసేస్తే నేను వెళ్ళిపోతాను అన్నాను. వాళ్ళు భయపడ్డారు. ముసలాడు ఇంత గట్టిగా అంటున్నాడంటే చూసే ఉంటాడు అనుకున్నారు. చూశాను కూడా. అప్పటి నా లెక్కలో ఏదీ గంట దాటలేదు. నువ్వెలా దాటించావో నాకు ఇవాళ్టికీ అర్థం కాదు. ఆ మూతలో గాలి దారి ఏదో పెట్టావు."

వెండెల్ తెర మీది అంకె వైపు చూశాడు.

"ఆఖరి రోజు గేటు దగ్గర నిలబడ్డాను. వెళ్ళేవాళ్ళందరికీ చెయ్యిచ్చి పంపాలి కదా. మూడు వందల పన్నెండు మంది. తొమ్మిది మంది చెయ్యివ్వలేదు. ఒకడు బెర్నీస్ తమ్ముడు ల్యాడిస్. నా మొహం చూసి, 'ఫ్యాన్ బాగా తిరుగుతోందా బావా' అని వెళ్ళిపోయాడు. క్రిస్మస్‌కి వస్తాడో రాడో."

"మీ తప్పేం లేదు" అన్నాడు వెండెల్.

"ఆ ముక్క ఇంకో గంటన్నర ఆగి చెబుదువుగాని."

*

రెండూ నలభై ఐదుకి నాలుగు గంటలు నిండాయి. యంత్రం ఒక్కసారి కూడా మందగించలేదు. ఎమిల్ తలుపు తీసి చేత్తో పెట్టెని తాకి చూశాడు. పుస్తకంలో ఆఖరి అంకె రాసి కింద గీత గీశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"సరే. తెలిసింది" అన్నాడు.

బల్ల సొరుగులోంచి కవరు తీశాడు. అందులో టైపు చేసిన కాగితం ఒకటి.

"లానో వాటాదారులు కోర్టుకెళ్ళారు. ఫ్యాన్ నిర్ణయం ఎవరిదో రాసివ్వమని లాయరు ఇది పంపాడు. అందరి సలహా కాదని నేనొక్కణ్ణే పట్టుబట్టాననీ, ఆ అంచనా తప్పనీ ఉంది. మొదటి సగం నిజమే. రెండో సగం నిజమో కాదో నాకు తెలియలేదు. తప్పు చేశానో లేదో తెలియకుండా తప్పొప్పుకోకూడదు కదా. అందుకే మూడు కొన్నాను." పెన్ను మూత తీశాడు. "సోమవారం దాకా గడువు. నువ్వు రాబట్టి తేలింది. లేకపోతే చచ్చేదాకా నాదే ఒప్పనుకునేవాణ్ణి."

"సంతకం పెట్టకండి" అన్నాడు వెండెల్.

"పెట్టకపోతే..."

"మీది తప్పు కాదు. ఆ ఫ్రిజ్ బాగానే ఉంది. మొదటి రెండు యంత్రాలూ సరిగానే చెప్పాయి."

ఎమిల్ పెన్ను పట్టుకునే ఉన్నాడు.

వెండెల్ చెప్పాడు. రాత్రి అనుకున్న మాటలేవీ రాలేదు. స్టోక్స్ చెయ్యి మధ్య వరుస మీదికే పోతుందని తెలిసి చేశానన్నాడు. నాలుగు వందలు నడిపామన్నాడు. లూపెకి ఇష్టం లేదనీ, తను చెప్పబట్టే చేసిందనీ అన్నాడు. ఫ్రిజ్‌లో ఉన్న పెకాన్ ఆ పన్నెండులో ఒకటని నంబరుతో సహా చెప్పాడు. చెప్పినంతసేపూ ఫ్రిజ్ తలుపు వైపే చూశాడు.

ఎమిల్ పరీక్షల మనిషి. అడిగిన మొదటి ప్రశ్న కూడా పరీక్షల మనిషి ప్రశ్నే.

"నాలుగు వందల్లో ఎన్ని రెండు గంటల లోపు పోయాయి?"

"మూడు వందల అరవై ఒకటి."

"నాలుగు లోపు?"

"ఇంకో ఇరవై ఏడు."

"పన్నెండు నిలిచాయి. నూటికి మూడు." ఆయన ఫ్రిజ్ వైపు చెయ్యి చూపాడు. "ఇది అందులోదని ఎప్పుడు చూశావ్? బల్బు జరపకముందా, తర్వాతా?"

"తర్వాత. ఫ్రిజ్‌లో పెడుతున్నప్పుడు."

"మరి బల్బు ఎందుకు జరిపావ్?"

వెండెల్ ఈ ప్రశ్న అనుకోలేదు. కాంట్రాక్టు గురించి అడుగుతాడనుకున్నాడు, లానో గురించి అడుగుతాడనుకున్నాడు. "మీరు తప్పు చూపించమన్నారు. ఏదో ఒకటి చూపించాలి కదా అని..."

ఎమిల్ పసుపు పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. బల్బు గురించి రాసిన వరుస వెతికి దాని మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన తేదీ వేశాడు. పెన్సిల్ ఒత్తిడికి కాగితం చిరిగింది.

"కాంట్రాక్టు కోసం ఏదో చేశావ్. నీ కంపెనీ, నీ ఉద్యోగం, ఆ గోల నాకు తెలుసు. నా పుస్తకంలో అబద్ధం రాయించావేమయ్యా? నా చేత్తో? పద్నాలుగేళ్ళ కింద నా పక్కన కూర్చుని పెన్సిల్ పట్టుకోవడం నేర్చుకున్నావ్."

"తప్పే."

"తప్పే అంటే సరిపోయిందా?"

"సరిపోదు. సోమవారం స్టోక్స్ దగ్గరికి వెళ్తాను. మొదటి రెండువేల పెకాన్‌లూ మంగళవారం బయల్దేరతాయి. ఈలోగా చెప్పేస్తే..."

"చెప్పకు" అన్నాడు ఎమిల్.

వెండెల్ తలెత్తాడు.

"చెప్తే ఏమవుతుంది? కాంట్రాక్టు పోతుంది. మీ రెండో షిఫ్టు పోతుంది. అందులో చేరుతున్నదెవరు? మా లానో వాళ్ళు నూట నలభై మంది. సోమవారం పొద్దున ఆరింటికి. జాబితా రాసింది నేను. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి వెళ్ళమని బతిమాలింది నేను. గేటు దగ్గర చెయ్యివ్వని తొమ్మిది మందిలో ఆరుగురు ఉన్నారందులో. వాళ్ళ ఉద్యోగం ఒకసారి పోయింది. ఇంకోసారి పోగొట్టమంటావా?"

ఆ రెండో షిఫ్టు పెట్టాలని టాల్‌బర్ట్‌లో పట్టుబట్టింది వెండెలే. లానో మనుషుల్నే తీసుకోవాలన్నాడు. నెల రోజులు అందరితో వాదించాడు. ఎందుకంత పట్టుదల అని వాళ్ళ అధ్యక్షుడు అడిగితే, పని తెలిసినవాళ్ళు అన్నాడు.

"చేసిన తప్పు పూడ్చుకోవడానికా తీసుకున్నావ్ వాళ్ళని?" అన్నాడు ఎమిల్. అతని మొహం చూసి ఆయనకి అర్థమైంది. "అందుకేనన్నమాట. నేనేమో కుర్రాడు పాత గురువుని మర్చిపోలేదనుకున్నాను. బెర్నీస్‌తో కూడా చెప్పాను."

"ఎమిల్ గారూ, ఆగస్టులో గాలివాన వస్తే ఆ యంత్రాలు గంటకి చతికిలబడతాయి. తీరంలో ఆఫీసుల ముందు జనం నిలబడి ఉంటారు."

"తెలుసు. నాకు చెబుతున్నావా? ఆ మాట నేను జనవరిలో బల్ల మీద కొట్టి చెప్పాను. రెండో విడతలో ఫ్యాన్ పెట్టించు. చప్పుడు చేయకుండా."

"ఆ మూతలో ఫ్యాన్‌కి చోటు లేదు. మీకూ తెలుసు."

"లేదు" అన్నాడు ఎమిల్. "నాకూ తెలుసు."

బయట ఎవరో గడ్డి కోసే యంత్రం నడుపుతున్నారు. అది ఇంటి చుట్టూ తిరిగి వీధి చివరికి పోయింది.

ఎమిల్ లాయరు కాగితాన్ని తిన్నగా పెట్టుకుని సంతకం చేశాడు. తన పేరులో ఒక్కో అక్షరం ఆయన ఎప్పుడూ రాసినట్టే విడివిడిగా రాశాడు.

"ఇది అబద్ధం" అన్నాడు వెండెల్.

"పొద్దున సంతకం పెట్టి ఉంటే పొరపాటయ్యేది. ఇప్పుడు అబద్ధం. నీ దయ." కాగితం తిప్పి అతని ముందుకి తోశాడు. తన సంతకం కింద ఇంకో గీత ఉంది, దాని కింద సాక్షి అని అచ్చయి ఉంది. "ఎవరో ఒకళ్ళు పెట్టాలి. బయటివాడికి నేనేం చెప్పుకోను? నువ్వు పెట్టు. ఆ పన్నెండు పెట్టెలు నువ్వొక్కడివే మోస్తున్నావ్. ఇకనుంచి ఇద్దరం మోద్దాం."

"ఇలా కాదు. నేను వచ్చింది..."

"నువ్వు వచ్చింది నేను పిలిస్తే. చెప్పేసి తేలిక పడదామనుకున్నావ్, పడనివ్వట్లేదని నామీద కోపం. సోమవారం ఆరింటికి నూట నలభై మంది నీ గేటు దగ్గర ఉంటారు. నీకు తేలికవడం కోసం వాళ్ళని వెనక్కి పంపుతావా? వెళ్ళి వాళ్ళకే చెప్పు. ల్యాడిస్‌కి చెప్పు."

వెండెల్ పెన్ను తీసుకున్నాడు. ఎందుకు తీసుకున్నాడో ఆ తర్వాత ఎప్పుడు ఆలోచించినా అతనికి తేలలేదు. ఎమిల్ చాచి పట్టుకున్నాడు కనుక తీసుకున్నాడు. సంతకం చేయాల్సిన గీత మీద పెన్ను మొన ఆనించి ఆగాడు. సిరా చుక్క ఒకటి కాగితంలోకి ఇంకింది.

ఇంటిలోకి వెళ్ళే దోమతెర తలుపు తెరుచుకుంది. బెర్నీస్ మెట్టు మీద నిలబడి ఉంది. ఆమె చేతుల్లో ట్రే లేదు, గ్లాసులు లేవు. అక్కడికి ఎప్పుడు వచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

"లోపలికి వెళ్ళు" అన్నాడు ఎమిల్.

ఆమె భర్త వైపు చూడలేదు. మెట్టు దిగి వచ్చి, బల్ల మీది కాగితాన్ని వెండెల్ చేతి కిందనుంచి లాగి నాలుగు మడతలు పెట్టి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. ఖాళీగా ఉన్న ఎమిల్ స్టూలు తనవైపు లాక్కుని కూర్చుంది.

"ఆ పన్నెండు పెట్టెల సంగతి నాకు సగమే వినబడింది బాబూ" అంది. "మొదట్నుంచీ చెప్పు. ఈసారి ఆ ఫ్రిజ్ వైపు కాదు, నావైపు చూసి చెప్పు."